నోలా దుప్పటి ఎగిరితేనే కచేరీ

మా అమ్మమ్మ నోలా పెటిగ్రూకి ఎనభై నాలుగేళ్ళు. వేసవి మూడు నెలలూ మా ఊరి మ్యూజియం తోటలో జరిగే ఆదివారం కచేరీ ఎన్నింటికి మొదలవ్వాలో చెప్పే అధికారం ఆవిడది. ఆ అధికారం ఎవరో ఇచ్చింది కాదు, తనే తీసుకుంది. తీసుకున్నది ముప్పై నాలుగేళ్ళుగా ఎవరికీ తిరిగి ఇవ్వలేదు. మా ఇంట్లోంచి పట్టుకుపోయిన గిన్నెల విషయంలోనూ ఆవిడ పద్ధతి ఇదే.

మాది హార్లన్ పాయింట్. ఇక్కడ ఊరు గాలిది, మేం అందులో అద్దెకుంటాం. వేసవిలో పొద్దున్నంతా లోపలి గోధుమ పొలాల మీదుగా వేడిగాలి వీస్తుంది. పన్నెండు దాటాక అది ఆగి, సముద్రం మీంచి దక్షిణపు గాలి లేస్తుంది. లేచిందంటే టోపీలు, కుర్చీలు, చిన్న కుక్కలు ఏవీ ఉన్నచోట ఉండవు. మా చెట్లన్నీ ఉత్తరానికి ఒరిగి, నడుం పట్టేసినవాళ్ళలా నిలబడి ఉంటాయి. పొద్దు వాలే వేళకి ఆ గాలి పడిపోతుంది. ఎప్పుడు పడుతుందన్నదే చిక్కు. ఒకరోజు ఆరుంపావు, ఒకరోజు ఏడున్నర, ఒక్కోరోజు అసలు పడనే పడదు. పడితే మాత్రం తోటలో కొవ్వొత్తి వెలిగించినా ఆరదు.

అందుకని మా కచేరీ కాగితాల మీద తేదీ ఉంటుంది, వాయించేవాళ్ళ పేర్లుంటాయి, వేళ దగ్గర మాత్రం "దుప్పటి ఎగిరాక" అని ఉంటుంది.

మ్యూజియం ఒకప్పుడు లైట్‌హౌస్ కాపలావాళ్ళు ఉన్న ఇల్లు. దాని వెనక తోట, తోటకి దక్షిణాన ఎత్తైన రాతిగోడ, గోడ పక్కన జెండా కొయ్య, గోడకి ఆవల దిగువన పడవల రేవు. ఆదివారం సాయంత్రం అమ్మమ్మ మ్యూజియం మూడో మెట్టు మీద నిలబడి, నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, దూరాన సముద్రంలో రాళ్ళ వరస మీద విరిగే నురగని చూస్తుంది. చూసి చూసి, ఇక నలభై నిమిషాల్లో గాలి పడుతుందని తోచగానే వెళ్ళి తాడు లాగి జెండా కొయ్యకి తెల్ల దుప్పటి ఎగరేస్తుంది. అప్పటికి గాలి ఇంకా జోరుగానే ఉంటుంది, దుప్పటి టపటపా కొట్టుకుంటుంది. ఊళ్ళో ఏ వాకిట్లోంచి చూసినా అది కనబడుతుంది. జనం ఐసు పెట్టెలూ మడత కుర్చీలూ కార్లలో వేసుకుని బయల్దేరతారు. పొట్టి కుర్చీలవాళ్ళు ముందు, పొడుగు కుర్చీలవాళ్ళు వెనక. అందరూ సర్దుకుని గుడ్డు సాండ్‌విచ్ మొదటి ముక్క కొరికేసరికి దుప్పటి కొయ్యకి అతుక్కుని వేలాడుతూ ఉంటుంది. పైఊళ్ళవాళ్ళకి ఇది మంత్రం. మాకు ఆదివారం.

ఇది ఎలా మొదలైందో అమ్మమ్మ చాలాసార్లు చెప్పింది, ప్రతిసారీ కొంచెం పెంచి. పెంచినవి తీసేస్తే మిగిలింది ఇది. మొట్టమొదటి కచేరీకి బడి పియానోని ట్రక్కు మీద ఎక్కించి తోటలోకి తెచ్చారు. టీచరమ్మ రెండో పేజీ తిప్పేసరికి స్వరాల కాగితాలన్నీ గాల్లోకి లేచాయి. ఒకటి చేపల ఫ్యాక్టరీ ఐసులో దొరికింది, ఒకటి ఇంతవరకూ దొరకలేదు. అమ్మమ్మ ఇల్లు రోడ్డుకి అవతలే. పరిగెత్తుకెళ్ళి దండెం మీద బట్టల క్లిప్పులన్నీ ఊడబెరికి తెచ్చింది. తాతయ్య ప్యాంట్లు దుమ్ములో పడ్డాయి. ఆయన చనిపోయేదాకా ఆ ప్యాంట్ల సంగతి ఎత్తుతూనే ఉన్నాడు. ఆ క్లిప్పులతో కాగితాలు బిగించి కచేరీ పూర్తి చేశారు. అప్పట్నుంచీ గేటు దగ్గర ప్రవేశానికి ఒక నాణెం, ఒక బట్టల క్లిప్పు. కచేరీ అయ్యాక బకెట్లోంచి చేతికి ఏది వస్తే అది పట్టుకుపోవాలి. అందుకే మా ఊళ్ళో ఏ దండెం చూసినా ఒకే రకం క్లిప్పులు నాలుగు కనబడవు.

కచేరీల కంటే ముందు అమ్మమ్మ పోస్టాఫీసులో టెలిఫోన్ బోర్డు దగ్గర కూర్చునేది. పదిహేడో ఏట పొలాల నుంచి ఈ ఊరొచ్చి, పంతొమ్మిదేళ్ళు అదే కుర్చీలో. ఎవరు ఫోన్ ఎత్తినా హలో అనకముందే, ఊపిరి పీల్చుకున్న తీరుని బట్టి ఎవరో చెప్పేసేదట. ఆ తర్వాత మిషన్లొచ్చాయి, ఉద్యోగం పోయింది. మ్యూజియంలో జీతం లేని పనికి చేరింది. తిమింగలం ఎముకల దుమ్ము దులుపుతూ, వచ్చినవాళ్ళకి తప్పుడు సంగతులు ఎంతో నమ్మకంగా చెప్పేది. ఒకసారి ఓ ప్రొఫెసర్ గారు సరిదిద్దబోతే, "మీరు ఆ తిమింగలాన్ని ఎరుగుదురా?" అని అడిగింది. ఆయన ఎరగనని ఒప్పుకున్నాడు.

ఇప్పుడు రహస్యం. అమ్మమ్మకి కళ్ళు కనబడవు.

నేను కనిపెట్టింది పోయిన చలికాలంలో. నేను వచ్చినప్పుడల్లా "సన్నబడ్డావే పిల్లా" అంటోంది. నేను సన్నబడటం మా ఇంట్లో ఎవరూ చూడలేదు. అనుమానం వచ్చి, జుట్టుకి చిలకపచ్చ రంగు వేయించుకుని ఎదురుగా కూర్చున్నాను. అమ్మమ్మ నా మొహంలోకి నిదానంగా చూసి టీ పెట్టమంది. రెండు కప్పులు తాగాం. చివరికి నేనే చెప్పాను, నా జుట్టు పచ్చగా ఉందని. ఆవిడ కప్పు పక్కన పెట్టింది. తర్వాత చెప్పింది. చూపు నడిమధ్యలో ఒక బూడిద మచ్చ, అంచులు మాత్రం మిగిలాయి. గోడలకి గుద్దుకోదు, మెట్లు తప్పదు, కానీ దేన్ని చూడాలనుకుంటే అదే మాయమవుతుంది. మూడేళ్ళయింది. డాక్టర్‌కి తప్ప ఎవరికీ తెలియదు.

మరి సముద్రం మీద నురగ ఎలా చూస్తున్నావని అడిగాను. చూడటం లేదంది. మరి గాలి పడే వేళ ఎలా తెలుస్తోందని అడిగాను. "అది నీకెందుకే. తెలిస్తే రేవులో చేపలకి కూడా చెప్పేస్తావు," అంది.

అదొక్కటి నిజం. నా కడుపులో ఏదీ దాగదు. ఈ కళ్ళ సంగతి మాత్రం దాచాను, ఎందుకంటే బయటపడితే ఆవిడ చేతిలోంచి ఆ తాడు తీసేసుకుంటారు. తాడు లేని అమ్మమ్మని నేను ఊహించుకోలేకపోయాను. ఇక వేళంటారా, మూడు వేసవులుగా పది నిమిషాలకి మించి తప్పలేదు. అదృష్టం అనుకున్నాను. ఇంత పొగరుబోతు మనిషికి గాలి కూడా భయపడి మాట వింటోందేమో అని కూడా అనుకున్నాను.

ఆ చలికాలంలోనే మ్యూజియానికి కొత్త మేనేజరు వచ్చింది. పేరు టామ్సిన్, పెర్త్ అమ్మాయి, ముప్పై దాటి ఉంటాయి. తిట్టుకుందామని ఎంతో ప్రయత్నించాను, కుదర్లేదు. పదేళ్ళుగా కారుతున్న పైకప్పు రెండు నెలల్లో బాగుచేయించింది. దీపాల గదిలో తనే నిచ్చెనెక్కి బూజు దులిపింది. ఆమెకి ఉన్న ఒకే ఒక్క లోపం, ప్రతిదానికీ ఒక వేళ ఉండాలనుకోవడం.

డిసెంబరులో, మాకు వేసవి మొదలయ్యే నెలలో, ఓ ఆదివారం గాలి అసలు పడలేదు. దుప్పటి ఎగరలేదు. పైఊళ్ళ నుంచి రెండు బస్సుల్లో వచ్చినవాళ్ళు పాటలు వినకుండానే వెనక్కిపోయారు. మ్యూజియం కమిటీ కూర్చుని టామ్సిన్‌కి గట్టిగా చెప్పింది. ఇంకొక్క కచేరీ ఇలా పాడైతే వచ్చే ఏడు నుంచి కచేరీలన్నీ ఆటల హాల్లోనే. ఆటల హాలంటే బ్యాడ్మింటన్ గీతలు, రబ్బరు బూట్ల వాసన, ఇనప రేకుల కప్పు. వాన పడితే పియానో కంటే కప్పే ఎక్కువ వాయిస్తుంది.

ఆ మాట చెప్పడానికి టామ్సిన్ కొబ్బరి కేకు పట్టుకుని అమ్మమ్మ ఇంటికొచ్చింది. నేను అక్కడే ఉన్నాను, కేకు ఎక్కడుంటే అక్కడ ఉంటాను. జనవరి ఆఖరి ఆదివారం హార్ప్ కచేరీ ఉందని, మనిషంత ఎత్తున నలభై ఏడు తీగల వాద్యం పెర్త్ నుంచి వస్తోందని, రేడియో వాళ్ళు వచ్చి రికార్డు చేసుకుంటారని చెప్పింది. కమిటీ మొత్తం ముందు వరసలో ఉంటుంది. అది తోటలో చక్కగా జరిగితే తోట నిలబడుతుంది, లేదంటే హాలు. అందుకని ఈసారికి కాగితం మీద ఆరు గంటలని వేయించేశానంది.

"ఆరని గాలికి కూడా ఒక కాగితం పంపావా తల్లీ?" అంది అమ్మమ్మ.

టామ్సిన్ నవ్వలేదు. తనకీ తోటే ఇష్టమని, కానీ కమిటీకి ఏదో ఒకటి చూపించాలని, నోలా గారు దుప్పటి ఎప్పటిలాగే ఎగరెయ్యవచ్చని, కాకపోతే కాస్త ఆరుకి దగ్గరగా చూసుకోమని బతిమాలింది. అమ్మమ్మ కేకు రెండో ముక్క కోసుకుంది. చూద్దాం అంది. ఆవిడ చూద్దాం అన్నప్పుడు నేను కిటికీలోంచి బయటికి చూశాను.

శనివారం రేడియో అమ్మాయి వచ్చి తోటంతా మైకులు పెట్టి, చెవులకి పెద్ద హెడ్‌ఫోన్లు తగిలించుకుని, మొహం చిట్లించింది. రేవులో పదిహేడు తెరచాప పడవలుంటాయి. వాటి కొయ్యలు బోలు అల్యూమినియం గొట్టాలు. గాలికి తాళ్ళు వాటిని కొడుతుంటాయి, టింగు టింగుమని రోజంతా. మాకు అది వినబడనే వినబడదు, సొంత ఇంట్లో గడియారంలాగ. ఆ పిల్ల చెవిలో మాత్రం చెంచాల దుకాణం కూలిపోతున్నట్టు ఉందట.

అప్పుడు నాకొక గొప్ప ఆలోచన వచ్చింది. నాకు గొప్ప ఆలోచనలు తక్కువ, వస్తే ఇలాంటివే వస్తాయి. తాళ్ళని కొయ్యలకి బిగించి కట్టేస్తే చప్పుడుండదు కదా. రేవు చూసుకునే క్లారీ డన్‌కి చెప్పాను. క్లారీకి డెబ్బై తొమ్మిదేళ్ళు, నలభై ఏళ్ళుగా అమ్మమ్మని ఏడిపించడమే పని. హార్ప్ కోసమైతే సరే అన్నాడు. చేపల ఫ్యాక్టరీలో పనిచేసే ఈ పిల్ల బుర్రలోంచి ఇంత మంచి మాట వస్తుందని అనుకోలేదు అని కూడా అన్నాడు.

ఆదివారం నాలుగున్నరకి నేనూ క్లారీ చిన్న పడవ వేసుకుని రేవులో బయల్దేరాం. ఒక్కో పడవ ఎక్కడం, తాడు బిగించడం, దిగడం. ఒక్కో కొయ్యా నోరు మూసుకుంది. పదిహేడు, పదిహేను, పది, ఆరు. గాలి మా చొక్కాల్ని బుడగల్లా ఊదేస్తోంది. ఆఖరి మూడు కొయ్యలు మిగిలి ఉండగా క్లారీ తలెత్తి చూసి, వేలు చూపించాడు. గోడ పైన జెండా కొయ్య మీద తెల్ల దుప్పటి పాకుతూ పైకి పోతోంది. వేళ అయిదూ ఇరవై.

"చూశావా దాని ధైర్యం," అన్నాడు క్లారీ. "ఇంత గాలి కొడుతుంటే ఆరుకల్లా పడిపోతుందంటోంది. మంత్రగత్తె."

నాకు గర్వంగా అనిపించింది. మిగిలిన మూడు తాళ్ళూ ఇంకా గట్టిగా బిగించాను.

ఆరింటికి తోట నిండిపోయింది. గేటు దగ్గర బకెట్ నిండా క్లిప్పులు. కమిటీ ముందు వరసలో, పొట్టి కుర్చీల్లో, మోకాళ్ళు గడ్డానికి తగిలేలా కూర్చుని ఉంది. టామ్సిన్ మొహం వెలిగిపోతోంది, ఆరంటే ఆరే అయింది కదా. హార్ప్ వాయించే బ్రిజిట్, పొడుగ్గా నెమ్మదిగా ఉండే మనిషి, వాద్యం మీద కప్పిన గుడ్డ తీసింది.

తియ్యగానే హార్ప్ మూలిగింది. ఎవరూ ముట్టుకోలేదు. గోడ మీంచి దూకిన గాలి నేరుగా తోట మధ్యలో పడుతుంది, అక్కడే హార్ప్ ఉంది. నలభై ఏడు తీగల్లోంచి గాలి దూరి, పశువు ఏడ్చినట్టు ఒక చప్పుడు. బ్రిజిట్ రెండు చేతులూ తీగల మీద పరిచి ఆపింది. స్వరాల కాగితాలకి పన్నెండు క్లిప్పులు పెట్టినా, క్లిప్పులతో సహా కాగితం చిరిగి కమిటీ అధ్యక్షుడి ఒళ్ళో పడింది. వెనక వరసలో రెండు కుర్చీలు పడిపోయాయి. పైన దుప్పటి తుపాకి పేలినట్టు కొట్టుకుంటోంది.

పావుగంట చూశారు. గాలి తగ్గలేదు సరికదా పెరిగింది. అధ్యక్షుడు టామ్సిన్ చెవిలో ఏదో చెప్పాడు. టామ్సిన్ జేబులోంచి ఆటల హాలు తాళంచెవి తీసింది. అది జేబులో పెట్టుకునే వచ్చిందని అప్పుడే తెలిసింది. మనుషులు లేచి కుర్చీలు మడవడం మొదలెట్టారు. ముప్పై నాలుగేళ్ళలో దుప్పటి ఎగిరాక ఎవరూ కుర్చీ మడవలేదు.

అమ్మమ్మ గోడ మొదట్లో నిలబడి ఉంది. అక్కడికి గాలి రాదు, గోడ అడ్డం. నేను వెళ్ళేసరికి ఆవిడ మొహం రేవు వైపు తిప్పి, తల ఒక పక్కకి వంచి, టెలిఫోన్ చెవి దగ్గర పెట్టుకున్నట్టు ఉంది. నా చెయ్యి పట్టుకుంది.

"పడవలేవే?" అంది. "రేవులో పడవలు ఎక్కడికి పోయాయి?"

పడవలు ఉన్నాయని చెప్పాను. మరి చప్పుడేదని అడిగింది. నేను తాళ్ళు కట్టేశామని, ఎవరి ఆలోచనో కూడా చెప్పాను. చెబుతుండగానే నాకు అర్థమైంది. ఆవిడ మూడేళ్ళుగా ఎలా చెబుతోందో అర్థమైంది. పదిహేడు కొయ్యలు కలిసి మోగితే గాలి నిండుగా ఉన్నట్టు. విడివిడిగా లెక్కపెట్టగలిగితే నలభై నిమిషాలు. మేం ఒక్కో తాడూ బిగిస్తుంటే, గాలి కొంచెం కొంచెంగా పడిపోతున్నట్టు వినబడింది ఆవిడకి.

"దుప్పటి నాతో చెప్పింది," అంది అమ్మమ్మ. "లాగుతుంటే చేతుల్లోంచి ఊడిపోయేలా కొట్టుకుంది. అయినా నేను నా చెవినే నమ్మాను."

తప్పు నాదేనని వాళ్ళకి చెప్పేస్తానన్నాను. ఆవిడ నా చెయ్యి వదల్లేదు. నా కళ్ళ సంగతి చెప్పకుండా నువ్వు తాళ్ళ మాటెత్తితే నవ్వుతారు, తాళ్ళు ఎందుకు విప్పాలో ఎవరికీ తెలియదు, అంది. తర్వాత నన్ను మైకు దగ్గరికి తీసుకెళ్ళమంది. దార్లో ఒక పిల్లాడి ట్రక్కు బొమ్మ మీద కాలు వెయ్యబోయింది, నేను పక్కకి లాగాను. ఎప్పుడూ నా చెయ్యి పట్టుకుని నడవని మనిషి. చూస్తున్నవాళ్ళు అది చూశారు.

మైకు ముందు నిలబడి ఆవిడ గొంతు సవరించుకోలేదు కూడా.

"నాకు కళ్ళు కనబడవు," అంది. "మూడేళ్ళయింది. ఈ మూడేళ్ళూ మీకు వేళ చెప్పింది నేను కాదు, కింద రేవులో పడవల కొయ్యలు. ఇవాళ వాటిని ఎవరో మంచి మనసుతో కట్టేశారు, నేను మోసపోయాను. ఎవరైనా వెళ్ళి విప్పితే గాలి ఎప్పుడు పడుతుందో చెబుతాను. విప్పకపోతే ఈ తాడు టామ్సిన్‌కి ఇచ్చేసి ఇంటికి పోతాను. రేపట్నుంచి రానక్కర్లేదంటారా, అదీ చెప్పండి. చెవులు బాగానే ఉన్నాయి, వినబడుతుంది."

రెండొందలమంది ఉన్నారు. సగం మడిచిన కుర్చీలు చేతుల్లోనే ఉండిపోయాయి. అధ్యక్షుడు తన ఒళ్ళో పడ్డ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టాడు. అప్పుడు వెనకనుంచి క్లారీ లేచాడు.

"మూడేళ్ళా?" అన్నాడు. "పోయిన క్రిస్మస్‌కి నా కొత్త టోపీ బాగుందన్నావు కదే."

"నువ్వు అడిగావు కాబట్టి అన్నాను. బాగుందా?"

"బాగానే ఉంది."

"మరి నేనేం తప్పు చెప్పాను?"

ఎవరో నవ్వారు, తర్వాత చాలామంది నవ్వారు. క్లారీ టోపీ తీసి కుర్చీలో పెట్టి గేటు వైపు నడిచాడు. అతని వెనక చేపల ఫ్యాక్టరీ వాళ్ళు నలుగురు, చర్చి పాస్టరు గారు, నేను. టామ్సిన్ అడ్డం వచ్చింది. ఆపుతుందేమో అనుకున్నాను. హాలు తాళంచెవి అధ్యక్షుడి చేతిలో పెట్టి, బూట్లు విప్పేసి మాతో వచ్చింది. పడవలంటే భయమట, ఆ సంగతి పడవలో కూర్చున్నాక చెప్పింది. అయినా మూడు తాళ్ళు విప్పింది.

మేం పైకి వచ్చేసరికి పదిహేడు కొయ్యలూ ఒకేసారి మోగుతున్నాయి. అమ్మమ్మ హార్ప్ పక్కన కుర్చీలో కూర్చుని ఉంది. వింది, ఇంకాస్త వింది. "గంటా పది నిమిషాలు," అంది. "తినండి."

మాది తినమంటే వెనకాడే ఊరు కాదు. ఐసు పెట్టెలు తెరుచుకున్నాయి. ముందు వరసలో పొట్టి కుర్చీల్లోకి ఉడికించిన పెద్ద రొయ్యలు పళ్ళేల్లో వచ్చాయి, కమిటీ చేతులు జిడ్డయ్యాయి. బ్రిజిట్ తన స్టూలు అమ్మమ్మ దగ్గరికి జరుపుకుంది. ఏం వినాలో చెప్పమంది. అమ్మమ్మ ఆమెకి టెలిఫోన్ బోర్డు నేర్పినట్టు నేర్పింది. ఆ బొంగురు చప్పుడు పెద్ద పడవది, అది అన్నిటికంటే ఆఖర్న ఆగుతుంది. ఆ సన్న గొంతు పాస్టరు గారి పడవది, గాలి కొంచెం తగ్గినా ముందు అదే మూగబోతుంది, మనిషి లాగే. పాస్టరు గారు పక్కనే ఉన్నారు, రొయ్య తింటూ ఒప్పుకున్నారు. రేడియో అమ్మాయి హెడ్‌ఫోన్లు పెట్టుకుని వచ్చి నేల మీద కూర్చుంది. నిన్న మొహం చిట్లించిన పిల్ల, మైకు తీసి గోడ వైపు తిప్పింది.

ఏడు దాటింది. సూర్యుడు నీళ్ళకి ఆనాడు. పాస్టరు గారి కొయ్య ఆగింది. తర్వాత ఇంకొకటి. తోటలో మాటలు వాటంతటవే తగ్గిపోయాయి, ఎవరూ ఊరుకోమనలేదు. రెండొందలమంది, పిల్లలతో సహా, తలలు ఒకే పక్కకి వంచి కూర్చున్నారు. పుట్టిన దగ్గర్నుంచీ చెవిలో ఉన్న చప్పుడు, ఊరంతా కలిసి మొదటిసారి విన్నాం. తొమ్మిది మోగుతున్నాయి. ఆరు. నాలుగు. పక్కన కూర్చున్న ముసలాయన వేళ్ళ మీద లెక్కపెడుతున్నాడు. చివరికి పెద్ద పడవ ఒక్కటే మిగిలింది. టంగు. చాలాసేపు ఏమీ లేదు. టంగు. ఇంకా ఎక్కువసేపు ఏమీ లేదు.

అమ్మమ్మ బ్రిజిట్ మోకాలి మీద తట్టింది. "ఇక వాయించమ్మా."

బ్రిజిట్ వాయించింది. నాకు సంగీతం తెలియదు, ఏం వాయించిందో చెప్పలేను. నీళ్ళు మెట్లు దిగుతున్నట్టు ఉంది. నాలుగు మడతలు పడ్డ స్వరాల కాగితం ఒక్క క్లిప్పు కూడా లేకుండా కదలక మెదలక ఉంది. నేను పైకి చూసి, అమ్మమ్మ అడగకముందే చెవిలో చెప్పాను, దుప్పటి ఇస్త్రీ చేసినట్టు వేలాడుతోందని. నాకు తెలుసు, నోరుముయ్యి అంది.

కచేరీ అయ్యాక చప్పట్లు చాలాసేపు కొట్టారు. అధ్యక్షుడు వచ్చి అమ్మమ్మ చెయ్యి పట్టుకుని, రొయ్య జిడ్డు అంటించి, గంటా పది నిమిషాలు కాదు, గంటా ఎనిమిదే పట్టిందన్నాడు. ఆవిడ క్షమాపణ చెప్పింది. ఆవిడ నోట ఆ మాట నేను వినడం అదే మొదలు. ఆటల హాలు తాళంచెవి ఆయన చేతిలోనే ఉండిపోయింది, ఆ తర్వాత దాని గురించి ఎవరూ అడగలేదు. ఇప్పుడు అక్కడ బ్యాడ్మింటన్ ఆడుకుంటున్నారు.

జనం వెళ్ళిపోయాక దుప్పటి దింపారు. అంత పెద్ద దుప్పటి మడవడానికి ఇద్దరు కావాలి. ఎప్పుడూ నేను పట్టుకునే కొస ఆ రోజు టామ్సిన్ పట్టుకుంది. ఇద్దరూ దూరంగా నిలబడి, లాగి, దులిపి, దగ్గరికొచ్చి కొసలు కలిపారు. మళ్ళీ దూరం, మళ్ళీ దగ్గర. ఆఖరి మడత దగ్గర టామ్సిన్ అడిగింది, వచ్చే వేసవి కాగితాలు రేపే ప్రెస్సుకి పంపాలి, వేళ దగ్గర ఏమని వెయ్యమంటారని.

"ఎప్పుడూ వేసేదే వెయ్యి తల్లీ," అంది అమ్మమ్మ. "కింద చిన్న అక్షరాల్లో, రేవులో తాళ్ళు కట్టరాదని కూడా వెయ్యి. మా మనవరాలికి చదవడం వచ్చు."

టామ్సిన్ వేసింది. ఆ కాగితం ఇప్పుడు ఫ్యాక్టరీలో నా లాకరు మీద అంటించి ఉంది, క్లారీ అంటించాడు. అమ్మమ్మ ఇప్పుడు మూడో మెట్టు మీద నుదుటికి చెయ్యి పెట్టుకోదు. కుర్చీ వేసుకుని, రేవు వైపు చెవి పెట్టి కూర్చుంటుంది. చుట్టూ నలుగురైదుగురు చేరి లెక్కపెడుతుంటారు. ఎవరైనా ముందుగా తాడు వైపు చూస్తే ఆవిడకి ఎలాగో తెలిసిపోతుంది, ఇంకా అన్నీ కలిసే మోగుతున్నాయి అంటుంది.

నేను మాత్రం జుట్టుకి ఈసారి ఊదా రంగు వేయించాను. అమ్మమ్మకి ఇంకా చెప్పలేదు. ఎవరు చెబుతారో చూద్దామని ఉంది. క్లారీ అని నా అనుమానం.